దాఖలు కాని జామీను

నా బల్ల ముందుకు వచ్చేవాళ్లు సాధారణంగా కాగితాలన్నీ ఒక్కసారే బల్ల మీద పడేసి, తొందరగా కొట్టిమ్మంటారు. సుజన మాత్రం ఆ రోజు కాగితాల సంచీని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఉంచి కూర్చుంది. నేను చేయి చాపితే ఒక్కో కాగితం తీసి దూరం నుంచే చూపించింది. చేతికి ఇవ్వలేదు.

"ఇస్తేనే గదమ్మా చూసి కొట్టేది" అన్నాను.

"నేను చదువుత. నువ్వు కొట్టు అక్కా" అంది.

నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్క సందులో, ఒక జిరాక్సు షాపు ముందు ఇరవై మూడేళ్లుగా టైపు చేస్తున్నాను. నా పేరు నాగమణమ్మ. మొదట మిషను ఉండేది, ఇప్పుడు కంప్యూటరు. అఫిడవిట్లు, జామీను కాగితాలు, పేరు మార్పులు, ఏవైనా కొడతాను. మనిషిని చూడగానే ఏ కేసులో వచ్చారో చెప్పగలనని నాకో గర్వం ఉండేది. సుజనను చూసి దొంగతనం అనుకున్నాను. అనుకోగానే కాళ్ల దగ్గరున్న నా హ్యాండ్‌బ్యాగును కుర్చీ అవతలికి జరిపాను. ఆమె చూసింది. అలాంటివి చూసీ చూసీ అలవాటైపోయిన మొహం అది.

జైలు నుంచి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. తన కథ ఆమె నాకు ఒకేసారి చెప్పలేదు. తర్వాతి నెలల్లో, వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పింది. నేను వరుసగా చెబుతాను.

సుజనది ఉప్పుగూడ. రైల్వే స్టేషను వెనక రెండు గదుల అద్దె ఇల్లు. భర్త డానియేలు ఒక కాంట్రాక్టరు కింద నల్లా పైపుల కోసం గుంతలు తవ్వే పని చేస్తాడు. ఒక్కతే కూతురు, స్వీటీ. సుజన ఏడో తరగతి వరకు చదివింది. నాలుగైదు ఇళ్లలో పని చేశాక ప్రేమ్‌రాజ్ అనే బట్టల వ్యాపారి ఇంట్లో కుదిరింది. ఆయన తల్లి పక్షవాతంతో మంచాన పడి ఉండేది. ఆమెకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం సుజన పని. మూడేళ్లు చేసింది. ముసలామెకు మాట సరిగా రాకపోయినా 'సుజ్జీ' అని మాత్రం పిలవగలిగేదట.

2022 జూన్‌లో ఒక రోజు ఆ ముసలామె బంగారు గాజులు రెండు కనిపించలేదు. చేతులు వాస్తున్నాయని తీసి బీరువాలో పెట్టామని కోడలు అంది. కాదు, దిండు కింద పెట్టామని కొడుకు అన్నాడు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో భార్యాభర్తలకే ఒక మాట కుదరలేదు. ఎవరి మీద అనుమానమని పోలీసులు అడిగినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే పేరు చెప్పారు.

స్టేషన్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఒక కాగితం ముందు పెట్టారు. సంతకం పెడితే ఇంటికి పోవచ్చన్నారు. చదవకుండానే పెట్టింది. మర్నాడు, జూన్ పద్నాలుగున, రిమాండుకు పంపారు. గాజులు తానే తీశానని, ఎక్కడో దాచానని ఒప్పుకున్నట్టు ఆ కాగితంలో రాసి ఉందని ఆమెకు చాలా రోజుల తర్వాత తెలిసింది. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని వకీలు చెప్పాడు. కోర్టులో చెల్లకపోవచ్చు. ఆ కాగితం నకలు ఆమెకంటే ముందు డానియేలు చదివాడు.

మూడో నెలలో బెయిలు ఇచ్చారు. అయితే ఇద్దరు మనుషుల జామీను కావాలన్నారు. సొంత ఇల్లయినా ఉండాలి, పర్మనెంటు ఉద్యోగమైనా ఉండాలి. డానియేలు కాంట్రాక్టు మనిషి, అతని సంతకం పనికిరాదు. సుజన అన్న ఇస్సాకు మాత్రం రైల్వేలో పర్మనెంటు. యాకుత్‌పురాలో ఉంటాడు, పట్టాల పని. ఆమె ఆశంతా అన్న మీదే పెట్టుకుంది.

వారానికోసారి డానియేలు జైలుకు ములాఖాత్‌కు వచ్చేవాడు. ఇనుప జాలీకి అవతల అతను నిలబడగానే ఆమె అడిగే మొదటి మాట అదే.

"అన్న ఏమన్నడు?"

"అడిగిన. సప్పుడు చేస్తలేడు."

"మల్ల అడుగు."

"ఎన్నిసార్లు అడగాలె సుజనా? నౌకరీకి ఎసరొస్తదని భయపడుతున్నడు."

ఆమె నమ్మింది. ఒక నెల తర్వాత ఇస్సాకు స్వయంగా జైలుకు వస్తే, చూడనని లోపలి నుంచే కబురు పంపింది. అతను గంటసేపు గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. రాకపోవడంతో ఆమె అనుమానం రుజువైనట్టే అయింది.

కానీ డానియేలు మీద కూడా ఆమెకు నమ్మకం నిలవలేదు. అతను అడిగే ప్రశ్నలు విచిత్రంగా ఉండేవి. పిల్ల సంగతి చెబుతూ చెబుతూ ఆపి, గొంతు తగ్గించి, "బియ్యం డబ్బా కింద ఏమన్న పెట్టినవా?" అనేవాడు. ఇంకోసారి, "ఆ ఇనుప పెట్టె తాళంచెవి ఏడున్నది?" అనేవాడు. పెట్టెలో ఉన్నది ఆమె పెళ్లి చీర, చెవి కమ్మలు. కమ్మల కోసం అడుగుతున్నాడనుకుంది. ఎవరికి పెట్టడానికో కూడా ఊహించుకుంది. జాలీ ఇవతల నిలబడి అతని చొక్కా గుండీలు లెక్కపెట్టేది. ఊడిన గుండీ ఎవరు కుట్టారు, చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారు అని చూసేది. ఆ పది నిమిషాల్లో చూసిన దాన్ని మిగతా వారమంతా తలలో తిప్పుకునేది.

పేషీలు వస్తూ పోతూ ఉన్నాయి. ఒకసారి తీసుకెళ్లడానికి పోలీసులు లేరన్నారు, ఇంకోసారి జడ్జి సెలవన్నారు, మరోసారి సాక్షి రాలేదన్నారు. ముసలామె చనిపోయిందని రెండో ఏడు ఒక పేషీ రోజున కోర్టు వరండాలో తెలిసింది. సుజన అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది. ప్రేమ్‌రాజ్ భార్య ఎదుటి బెంచీ మీద నుంచి తననే చూస్తూ కూర్చుందని, ఆ చూపు చూశాక ఏడుపు కూడా తప్పేనేమో అనిపించిందని సుజన నాకు చెప్పింది.

లోపల ఆమెకు 'అనుమానం సుజన' అని పేరు పడింది. చదవకుండా దేని మీదా సంతకం పెట్టేది కాదు. దుప్పట్లు ఇచ్చినప్పుడు రిజిస్టరులో సంతకం పెట్టమంటే కూడా పై నుంచి కింది దాకా చదివేది. వెనకాల వరుసలో ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు. కొన్నాళ్లకు ఆ విసుక్కున్నవాళ్లే తమ కాగితాలు తెచ్చి, "గిండ్ల ఏం రాసిన్రో చూడు" అని అడగడం మొదలుపెట్టారు. బెయిలు వచ్చి ఐదు నెలలైనా ఆ సంగతే తెలియని ఒక ఆడమనిషి సుజనకు అలాగే కనిపించింది.

2024లో కొత్త చట్టం వచ్చింది. ఒక వకీలమ్మ జైలుకు వచ్చి చెప్పింది. మొదటిసారి కేసులో ఇరుక్కున్న వాళ్లు, పడగల పెద్ద శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే, సొంత బాండు మీద వదలాలట. సుజన కేసులో పెద్ద శిక్ష ఏడేళ్లు. మూడో వంతు అంటే రెండేళ్ల నాలుగు నెలలు. అక్టోబరు నెల మధ్యకు అది పూర్తవుతుంది. అక్టోబరు వచ్చింది, వదలాల్సిన వాళ్ల జాబితా గోడకు అతికించారు. ఆమె పేరు లేదు.

ఆఫీసు గది ముందుకు వెళ్లి నిలబడింది.

"నా పేరెందుకు లేదు సార్?"

"నీకింకా టైముంది. 23ల వచ్చినవ్ గద."

"22ల వచ్చిన సార్. జూన్ పద్నాలుగు."

"రికార్డుల 23 అని ఉన్నది."

"ఆ రికార్డు నాకు చూపియ్యుండ్రి."

చూపించలేదు. ఆమె తన మొదటి పేషీ చీటీ దాచుకుని ఉంది. దాన్ని చూసి తేదీలతో సహా జడ్జికి తెల్ల కాగితం మీద అర్జీ రాసింది. అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా, స్కూలు పిల్ల రాసినట్టు ఉంటాయి. నేను తర్వాత చూశాను. మొదటి అర్జీ ఎక్కడికి పోయిందో తెలియదు. రెండోది రాసింది. అది అందినట్టు సంతకం ఇస్తేగానీ గది ముందు నుంచి కదలనంది. మూడు వారాల తర్వాత కోర్టుకు పిలిచారు.

"ఇది ఎవరు రాసిచ్చారు?" అని జడ్జి మేడం అడిగిందట.

"నేనే రాసిన మేడం."

జడ్జి ఆమెను ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూసి, అక్కడే రెండు వాక్యాలు రాసి చూపించమంది. సుజన రాసింది. రికార్డు తెప్పించారు. తేదీ తప్పేనని తేలింది. ఎవరి జామీనూ లేకుండా, సొంత సంతకం మీద విడుదలైంది. ఆ బాండును మూడుసార్లు చదివి సంతకం పెట్టిందట.

డానియేలు, స్వీటీ గేటు దగ్గరికి వచ్చారు. తొమ్మిదేళ్లప్పుడు వదిలిన పిల్లకు పదకొండు దాటింది. దగ్గరికి రాకుండా నాన్న చేయి పట్టుకుని నిలబడింది. ఇంటికి వెళ్లాక సుజన మొదట వంటింట్లోకి వెళ్లింది. నేల మీద నాలుగు చోట్ల కొత్త సిమెంటు కనిపించింది.

"ఇదేంది?" అంది.

"నల్లా లీకైంది. పైపు మార్పిచ్చిన" అన్నాడు డానియేలు.

"వంటింట్ల మనకు నల్లా ఎప్పుడున్నది?"

అతను పిల్లకు పాలు తెస్తానని బయటికి వెళ్లాడు. మర్నాడు పరుపు ఎండలో వేయబోతే, దాన్ని ఒక వైపు విప్పి వేరే రంగు దారంతో మళ్లీ కుట్టి ఉంది. గూడు వెనక గోడకు కొత్త పూత ఉంది. ఇల్లంతా ఎవరో చేతులు పెట్టి కలియబెట్టినట్టుంది. పక్కల్లో, దువ్వెనలో ఇంకో ఆడమనిషి వెంట్రుకల కోసం వెతికింది. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదనిపించిందట. కనీసం విషయమేమిటో అర్థమయ్యేది.

ఆ వారంలోనే, తన చిరునామా గురించి కోర్టులో అఫిడవిట్ ఇవ్వాల్సి ఉండి, వకీలు గుమాస్తా చెబితే నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె కేసు నంబరు చదివింది. అదే కేసులో పాత నమూనా ఏదైనా ఉంటే పని తేలికవుతుందని కంప్యూటరులో నంబరు కొట్టి వెతికాను. రెండు ఫైళ్లు వచ్చాయి.

"ఇస్సాకు ఎవరమ్మా?" అన్నాను, ఏమీ ఆలోచించకుండా.

ఆమె చేతులు సంచీ మీద బిగుసుకున్నాయి. "మా అన్న. ఆయన పేరు నీకెందుకు?"

అప్పుడు నాకు భయం వేసింది. ఇళ్లలోని సంగతుల్లో తలదూర్చకూడదని ఈ పనిలో మొదట నేర్చుకునే పాఠం. కానీ మాట బయటికి వచ్చేసింది. తెరను ఆమె వైపు తిప్పాను. సుజన తరఫున జామీను ఉంటానని ఇస్సాకు ఇచ్చిన అఫిడవిట్. అతనితో పనిచేసే అంజన్న అనే ఆయనది ఇంకొకటి. రెండింటి మీదా 2022 సెప్టెంబరు తేదీ ఉంది.

ఆమె రెండూ చివరి దాకా చదివింది. తర్వాత నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"గిది ఎప్పుడు కొట్టినవ్? నిజం చెప్పు. ఎవరు చెప్పి కొట్టిపిచ్చిన్రు?"

"అప్పుడే కొట్టిన. తేదీ ఉన్నది చూడు."

"తేదీ ఏమున్నది, ఎట్లంటే గట్ల కొట్టొచ్చు. జైల్ల నా తేదీ కూడ గట్లనే కొట్టిన్రు."

నాకు కోపం వచ్చింది. అయినా ఆమె అన్నదాంట్లో తప్పేముంది? లేచి, పక్క గదిలో నోటరీ దగ్గరున్న 2022 రిజిస్టరు అడిగి తెచ్చాను. సెప్టెంబరు పేజీలో ఇస్సాకు సంతకం ఉంది. ఆమె ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. 'స' కింద వంకర గీత తన అన్నదేనంది. అఫిడవిట్ సంగతి మర్చిపోయి, సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

నేరుగా యాకుత్‌పురా వెళ్లింది. ఇస్సాకు డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడట.

"జమానత్ కాగితాలు ఇచ్చినవా అన్నా?"

"ఇచ్చిన గద. బావ చేతికే ఇచ్చిన. కోర్టు కొట్టేసిందని చెప్పిండు."

"నాకు చెప్పనేలేదు."

"చెప్తామనే జైలుకొచ్చిన. నువ్వు మొఖం సూపియ్యకపోతివి."

వదిన కుర్చీ వేసింది. సుజన కూర్చోలేదు. వెంటనే ఉప్పుగూడకు తిరిగి వెళ్లింది.

డానియేలు మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఉన్నాడు. గడ్డపార గోడకు ఆనించి, కంచం ముందు కూర్చున్నాడు. ఆమె "అన్న కాగితాలేవి?" అని మాత్రమే అడిగింది. అతను చేయి కడుక్కుని, ఇనుప పెట్టె అడుగు నుంచి ఒక కవరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అబద్ధం చెప్పే ఓపిక కూడా అయిపోయినట్టు ఉన్నాడట.

"నువ్వు తీసినవనుకున్న" అన్నాడు.

ఆమె కవరు విప్పి కాగితాలు తీసింది.

"ఇంట్లనే ఏడనో దాచినవనుకున్న. దొరికితే తీస్కపోయి వాళ్ల మొఖాన కొడితే కేసు వాపస్ తీస్కుంటరనుకున్న. అవి దొరకకముందు నువ్వు బయటికొస్తే పోలీసోళ్లు మల్ల వస్తరు, అన్న నౌకరీ మీదికొస్తది అనుకున్న. ఇయ్యాల దొరుకుతయి, రేపు దొరుకుతయి అనుకుంట రోజులు పోయినయి. తర్వాత చెప్పనీకి మొఖం లేకపాయె."

"నన్నడిగితే అయిపోతుండె గద."

"అడిగిన సుజనా. వచ్చినప్పుడల్ల అడిగిన. నువ్వు లేదన్నవ్."

"లేదంటే నమ్మలేదు."

"కాగితం మీద నీ సంతకం ఉండె."

స్వీటీ గుమ్మంలో నిలబడి వింటోందని అప్పటిదాకా ఇద్దరూ చూడలేదు. పిల్ల లోపలికి వచ్చి, మెల్లగా అడిగింది. "మమ్మీ, నిజంగ తీయలేదు గదా?"

భర్త మాటలకు రాని ఏడుపు అప్పుడు వచ్చిందని సుజన చెప్పింది. పిల్లను దగ్గరికి తీసుకుని, "లేదు బిడ్డా. గీ మాట ఇగ నేను ఎవ్వరికీ చెప్ప. నీకొక్కదానికే చెప్తున్న" అంది. ఆ వారం చివర్లో పిల్లను తీసుకుని యాకుత్‌పురాలో అన్న ఇంటి పక్క గదిలోకి మారింది. చిరునామా అఫిడవిట్ ఆ కొత్త చిరునామాతోనే కొట్టాను.

మరుసటి ఏడు వానాకాలంలో కేసు తేలింది. గాజులు ఎక్కడున్నాయని కోర్టులో ప్రేమ్‌రాజ్ ఒకటి చెప్పాడు, ఆయన భార్య ఇంకొకటి చెప్పింది. చివరిసారి ఎప్పుడు చూశారో ఇద్దరికీ గుర్తు లేదు. నేరం రుజువు కాలేదు గనక అనుమానపు లబ్ధి కింద సుజనను వదిలేస్తున్నామని తీర్పు వచ్చింది. ఆమె తీర్పు నకలు పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఆ ముక్క మీద వేలు పెట్టింది.

"అంటే అనుమానం ఇంకా ఉన్నదనే గదా అక్కా?"

అది కోర్టు భాష, అలాగే రాస్తారని చెప్పాను. ఆమెకు తృప్తి కలగలేదు. నాకూ కలగలేదు. నిజం చెప్పాలంటే ఆమె తీసిందా లేదా అని నేను కూడా చాలా రోజులు లోలోపల తూచాను. ఆమె చేతులకేసి చూసేదాన్ని, ఏదో కనిపిస్తుందన్నట్టు. ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. గాజులు ఏమయ్యాయో ఈరోజుకీ ఎవరికీ తెలియదు.

డానియేలు ఆదివారాల్లో చర్చి అయ్యాక పిల్లను చూడటానికి వస్తాడు. గడప దగ్గర కూర్చుని టీ తాగి వెళతాడు. తిరిగి రమ్మని రెండుసార్లు అడిగాడట. చూద్దామంది. కోపమా అని నేను అడిగితే, కోపమైతే ఎప్పుడో ఒకనాడు పోతుంది కదా అంది.

ఇప్పుడు ఆమె, జైలుకు వచ్చి కొత్త చట్టం సంగతి చెప్పిన ఆ వకీలమ్మ ఆఫీసులోనే పని చేస్తోంది. బెయిలు వచ్చి కూడా జామీను లేక లోపలే ఉన్న ఆడవాళ్ల పేర్లు రాసుకుని, వాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లడం ఆమె పని. నా బల్ల దగ్గర కూడా ఒక పద్ధతి పెట్టించింది. ఆడమనిషికి జామీను అఫిడవిట్ కొడితే ఒక నకలు జైల్లో ఉన్న ఆ మనిషి పేరుకే పోస్టులో పంపాలి. ఇంట్లోవాళ్ల చేతికి మాత్రమే ఇవ్వకూడదు. నేను పంపుతున్నానో లేదో రశీదులు అడిగి చూస్తుంది.

కిందటి నెల ఒక మధ్యాహ్నం తోడు రమ్మంటే వెళ్లాను. ట్రాలీ ఆటో నడిపే కొండల్ అనే అతని ఇల్లు. అతని చెల్లెలు ఏడు నెలలుగా లోపల ఉంది. బెయిలు వచ్చింది. కొండల్‌కు తండ్రి ఇచ్చిన సొంత ఇల్లు ఉంది.

"కోర్టుకు రేపొస్త అక్కా, పక్కా" అన్నాడు.

"గీ రేపు ఎన్నోది?" అంది సుజన. "నీ చెల్లె ఆ పని చేసిందనుకుంటున్నవా?"

అతను కిందికి చూశాడు. "ఏమో అక్కా. నాకేమెరుక."

"ఎరుక లేకున్న పరవాలేదు. చేసిందా లేదా జడ్జి చూస్కుంటడు. జమానత్ అంటే పిలిస్తే పేషీకి వస్తదని చెప్పుడు, గంతే. వస్తదా, రాదా?"

"వస్తది."

"మరింక కాగితాలు తీస్కొని చెప్పులేస్కో."

కొండల్ భార్య అప్పటికే లోపలికి వెళ్లి ఇంటి పన్ను రశీదు వెతుకుతోంది. సుజన దాన్ని అందుకుని, వెలుగులోకి వచ్చి పేరూ ఇంటి నంబరూ సరిచూసింది. అతను ట్రాలీ స్టార్ట్ చేశాడు. సుజన నన్ను ముందు కూర్చోబెట్టి, తాను కాగితాలతో వెనక ఎక్కింది.